రాబోయే టార్చిలైటు

"గోరంత దీపం, కొండంత వెలుగు" అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన నాటి దీపం నూనెతో, వత్తితో వెలిగేది. గోరంత దీపం నిజంగానే కొండను వెలిగిస్తుందని ఆనాడు ఎవరూ అనుకొని ఉండరు. అది పోలికే గాని కొలత కాదు. ఈనాడు ఆ పోలిక కొలతకు అందే దశకు వచ్చింది. బొటనవేలికన్న కొంచెం లావుగా, అరచేతిలో ఇమిడేటంత పొట్టిగా ఉండే టార్చిలైట్లు కారు ముందు దీపపు బల్బుతో పోటీపడుతున్నాయి. ఇంతకన్న చిన్నది, ఇంతకన్న కాంతి గలది త్వరలో రానున్నదని తయారీదార్లు ఏటేటా ప్రకటిస్తూనే ఉన్నారు.

అలాంటి కొత్త టార్చి కోసం ఎదురుచూసేవారు చాలామంది ఉన్నారు. ఈ ఎదురుచూపు తప్పని నేను అనను. చేతిలోని వెలుగు పెరిగితే సంతోషించనివారెవరు? అయితే మనం దేనికోసం ఎదురుచూడాలి అన్నదే ప్రశ్న. అట్టపెట్టె మీద అచ్చువేసిన పెద్ద అంకె కోసమా? చీకట్లో నడిచే మనిషికి తెల్లవారేదాకా తోడుండే వెలుగు కోసమా? ఈ రెండూ ఒకటి కావు. మనం కోరవలసింది రెండోదాన్ని అని నా అభిప్రాయం. అందుకు కారణాలు చెప్పేముందు ఈ చిన్న దీపం ఇంతదాకా ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

చేతిలో పట్టుకొనే గొట్టపు దీపానికి అమెరికాలో డేవిడ్ మిసెల్ అనే ఆయన 1899లో పేటెంటు పొందాడు. ఆనాటి సెల్లులు బలహీనమైనవి. దీపాన్ని ఎక్కువసేపు వెలిగించే శక్తి వాటికి లేదు. ఒకసారి మెరిపించి ఆర్పి, సెల్లుకు కాస్త విశ్రాంతి ఇచ్చి, మళ్లీ మెరిపించేవారు. అందుకే ఇంగ్లీషులో దానికి ఫ్లాష్‌లైటు, అంటే మెరుపు దీపం, అనే పేరు వచ్చింది. మన పల్లెల్లో దీన్ని బ్యాటరీలైటు అంటారు. రెండు సెల్లులదో మూడు సెల్లులదో లైటు ఇంట్లో ఉంటే అదొక ఆస్తిగా ఉండేది. సెల్లుల బలం తగ్గితే ఎండలో పెట్టేవారు. బల్బు పోతే కొత్త బల్బు వేసుకొనేవారు. ఆ లైటు ఇచ్చే వెలుగు ఇరవై ల్యూమెన్లకు అటూ ఇటూ ఉండేది. ఒక దీపం నుండి అన్ని వైపులకూ వెలువడే మొత్తం వెలుగును కొలిచే ప్రమాణమే ల్యూమెన్. ఇళ్లలో వాడిన పాత అరవై వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేదంటే ఇరవై ల్యూమెన్లు ఎంతో ఊహించుకోవచ్చు. అయినా ఆ కొద్దిపాటి వెలుగుతోనే మనవారు చేలగట్ల మీద నడిచారు, నాటుపడవలు నడిపారు, రాత్రివేళ వైద్యుణ్ణి పిలుచుకొని వచ్చారు.

పాత బల్బులో సన్నని తీగ కాలి వెలుగునిచ్చేది. దానికి ఇచ్చిన విద్యుత్తులో చాలా భాగం వేడిగానే పోయేది. ఎల్.ఇ.డి. దీపంలో తీగ లేదు. అది కాంతిని వెలువరించే డయోడు. చిన్న పలుకులాంటి అర్ధవాహకం గుండా విద్యుత్తు ప్రవహించినప్పుడు అది వెలుగుతుంది. కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే డయోడును 1962లో నిక్ హోలోన్యాక్ తయారుచేశాడు. తరువాత ఆకుపచ్చ రంగు వచ్చింది. కాని ప్రకాశవంతమైన నీలిరంగు లేనిదే తెల్లని వెలుగు రాదు. దాన్ని సాధించడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. జపాను దేశస్థులు ఇసాము అకసాకి, హిరోషి అమానో, అక్కడే పుట్టిన షూజీ నకమూరా పట్టువదలక కృషి చేశారు. 1990ల తొలి సంవత్సరాల్లో ఆ కృషి ఫలించింది. 2014లో వారు ముగ్గురికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి డయోడు మీద పసుపు వెలుగునిచ్చే పూత పూస్తే రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి. నేటి టార్చిలోని తెల్లని వెలుగు రహస్యం ఇదే. పాత టార్చి బల్బు ఒక వాటుకు పది పదిహేను ల్యూమెన్లు ఇస్తే నేటి మంచి ఎల్.ఇ.డి. నూరు ల్యూమెన్లకు పైగా ఇస్తున్నది.

వెలుగు పెరగడానికి సెల్లు కూడా తోడ్పడింది. లిథియం అయాన్ సెల్లులను రూపొందించినందుకు ముగ్గురు శాస్త్రజ్ఞులు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని అందుకొన్నారు. నేటి టార్చిలలో తరచు వాడే ఒక రకం సెల్లు 21 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అందుకే దానికి 21700 అని పేరు. అందులో సుమారు 18 వాట్-గంటల శక్తిని నింపవచ్చు. అంటే ఒక వాటు చొప్పున ఖర్చుచేస్తే 18 గంటలు వస్తుందన్నమాట. ఇంత శక్తి ఇంత చిన్న గొట్టంలో ఇముడుతుందని మన తాతలకు చెబితే నమ్మేవారు కారు.

ఇంతవరకు అంతా మెచ్చుకోదగినదే. చిక్కు ఇక్కడినుంచే మొదలవుతుంది. డయోడు మెరుగైంది, సెల్లు మెరుగైంది. కాని గొట్టం చిన్నదైంది. వెలుగు ఎక్కడ ఉంటే అక్కడ వేడి కూడా ఉంటుంది. చిన్న గొట్టానికి ఆ వేడిని వదిలించుకొనే చోటు చాలదు. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. మూడువేల ల్యూమెన్లు ఇచ్చే టార్చి సుమారు 30 వాట్లు ఖర్చు చేస్తుంది. అందులో సగమే వేడిగా మారుతుందనుకొన్నా సెకనుకు 15 జౌళ్ల వేడి పుడుతుంది. టార్చి ఒడలు నూరు గ్రాముల అల్యూమినియం అనుకొందాం. దాని వేడిమి ఒక డిగ్రీ పెరగడానికి 90 జౌళ్లు చాలు. అంటే ఆరు సెకన్లకు ఒక డిగ్రీ. ఈ లెక్కన మూడు నిమిషాల్లో ముప్పై డిగ్రీలు పెరుగుతుంది. మన వేసవి రాత్రి వేడి దానికి కలిస్తే చేయి పట్టుకోలేదు. కొంత వేడి గాలికి, కొంత అరచేతికి పోతుంది గనుక అసలు పెరుగుదల ఇంతకన్న కొంచెం నెమ్మదిగా ఉండవచ్చు. కాని లెక్క తీరు మాత్రం మారదు.

అందువల్ల టార్చిలోని చిన్న యంత్రాంగం ఏం చేస్తుంది? ఒకటి రెండు నిమిషాలు కాగానే వెలుగును తనంతట తానే తగ్గించివేస్తుంది. మూడువేలతో మొదలైనది వెయ్యికో, అంతకన్న తక్కువకో దిగి నిలుస్తుంది. దీన్నే మన భాషలో ఆరంభశూరత్వం అంటారు. తగ్గించడం తప్పు కాదు. తగ్గించకపోతే చేయి కాలుతుంది, సెల్లు చెడుతుంది. ఒకటి రెండు నిమిషాల పాటు ఉండే వెలుగును ఆ దీపపు అసలు వెలుగుగా చాటడమే తప్పు.

ఈ విషయంలో కొలతలకు ఒక పద్ధతి లేకపోలేదు. 2009లో అమెరికాలో చేతిదీపాల కోసం ఎఫ్.ఎల్.-1 అనే ప్రమాణం ఏర్పడింది. అంతకుముందు ఎవరికి తోచిన అంకెను వారు వేసుకొనేవారు. ఆ ప్రమాణం వచ్చాక పరిస్థితి బాగుపడింది. అయితే అందులోని నియమాలను తెలుసుకొని చదవాలి. ల్యూమెన్లను దీపం వెలిగించిన తొలి నిమిషాల్లోనే, ముప్పై సెకన్ల నుండి, కొలుస్తారు. అప్పటికి గొట్టం ఇంకా వేడెక్కదు. దీపం వెలిగే కాలాన్ని ఆ తొలి వెలుగులో పదోవంతుకు పడిపోయేదాకా లెక్కిస్తారు. కాబట్టి "వెయ్యి ల్యూమెన్లు, మూడు గంటలు" అని రాసి ఉంటే మూడు గంటలూ వెయ్యి ల్యూమెన్లు వస్తాయని అర్థం కాదు. మొదటి అయిదు నిమిషాలు వెయ్యి వచ్చి, తరువాత మూడువందలకు దిగి, చివరకు నూటికి చేరినా ఆ మాట నియమం ప్రకారం అబద్ధం కాదు! చదివేవాడికి మాత్రం మోసపోయినట్లే ఉంటుంది.

దూరం సంగతీ అంతే. రెండువందల మీటర్ల దూరం పోతుందని రాసి ఉంటే, అంత దూరంలో పడే వెలుగు పున్నమి వెన్నెలతో సమానంగా ఉంటుందని మాత్రమే ఆ ప్రమాణం చెబుతుంది. వెన్నెల్లో చెట్టు చెట్టులా కనిపిస్తుంది. కాని చెట్టు కింద ఉన్నది కర్రో పామో తెలుస్తుందా? అది తెలియాలంటే రాసిన దూరంలో సగానికి, ఇంకా దగ్గరకు రావలసిందే. వెలుగు దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగోవంతవుతుంది. అంటే రెట్టింపు దూరం చూడాలంటే దీపపు తీవ్రత నాలుగురెట్లు కావాలి. ఇది మీరు తరగతిలో చదివే విలోమ వర్గ నియమమే. దుకాణంలో నిలబడినప్పుడు ఈ నియమం గుర్తుంటే డబ్బు మిగులుతుంది.

ఇంతకూ మనకు ఎంత వెలుగు కావాలి? అది చేసే పనిని బట్టి ఉంటుంది. గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాంలో రాత్రివేళ వల వేసే వానికి నీటిలో పడినా ఆరని దీపం కావాలి. హోసూరు ప్రాంతంలో రాగిచేనుకు కాపలా కాసే రైతుకు అడవి అంచున ఏనుగులున్నాయేమో దూరం నుండే తెలిపే సన్నని, పొడవైన వెలుగు కావాలి. దూరం నుండి తెలిస్తేనే దగ్గరకు పోకుండా తప్పుకోగలడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్కడి ఇల్లాలికి మూడువేల ల్యూమెన్లు అక్కరలేదు. వంటగదిలో ఒక మూల పెడితే రాత్రులకు రాత్రులు వెలిగే యాభై ల్యూమెన్లు చాలు. ఒకే టార్చి ఈ ముగ్గురికీ పనికి రావాలంటే అది ఎంత గట్టిగా వెలుగుతుందన్నది ముఖ్యం కాదు. ఎంత తక్కువకు దిగగలదు, దిగినచోట ఎంతసేపు నిలుస్తుంది అన్నది ముఖ్యం.

అన్నింటికన్న పెద్ద విషయం ప్రాణాల సంగతి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వల్ల సుమారు పన్నెండు లక్షలమంది మరణించారు. ఏడాదికి సగటున 58 వేలమంది! వారిలో చాలామంది పల్లెవాసులు. దాదాపు సగం మరణాలు జూన్ నుండి సెప్టెంబరు దాకా, వానకాలంలో జరిగినవే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని మన దేశం 2024లో ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. విషానికి మందు ఆసుపత్రిలోనే ఉంది. కాటు పడకుండా ఉండే మందు మాత్రం మన చేతిలో ఉంది. కాలికి చెప్పులు, చేతిలో కర్ర, ముందు వెలుగు ఉండాలి. సేద్యపు మోటారుకు కరెంటు చాలాచోట్ల రాత్రివేళే వస్తుంది. మీట వేయడానికి గట్టు మీద నడిచి వెళ్లే రైతుకు అడుగు ముందు మూడు నాలుగు గజాల నేల స్పష్టంగా కనిపిస్తే చాలు. దానికి నూరు ల్యూమెన్లు సరిపోతాయి. పైన చెప్పిన సెల్లుతో నూరు ల్యూమెన్లను పద్దెనిమిది గంటలదాకా పొందవచ్చు. అదే సెల్లును మూడువేల ల్యూమెన్లకు వాడితే, వేడి మాట అటుంచినా, ముప్పై ఆరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పోయేటప్పుడు వెలిగి, వచ్చేటప్పుడు ఆరిపోయిన దీపం ఎవరికి కావాలి?

వెలుగు ఎంత అన్నదే కాక ఎలాంటిది అన్నదీ చూడాలి. కొన్ని టార్చిల వెలుగు మరీ నీలిగా ఉంటుంది. అందులో ఎండుటాకు, మట్టి, రక్తపింజర ఒంటి మచ్చలు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. రంగులను ఉన్నవి ఉన్నట్లు చూపే డయోడులు నేడు దొరుకుతున్నాయి. అవి ల్యూమెన్లలో కొంచెం తక్కువగా ఉంటాయి. ఆ కొంచెం కోసం చాలామంది తయారీదార్లు వాటిని పక్కన పెడుతున్నారు. పెట్టె మీది అంకె తగ్గుతుందన్న భయమే దీనికి కారణం. కంటికి మేలు చేసేది అంకెకు కీడు చేస్తే అంకెను వదులుకోవాలి గాని కంటిని కాదు.

మరో సంగతి సెల్లుది. పాత బ్యాటరీలైటులో వెనుక మూత తిప్పి సెల్లులు మార్చుకొనేవాళ్లం. నేటి టార్చిలు చాలావాటిలో సెల్లును లోపల పెట్టి మూసివేస్తున్నారు. లిథియం సెల్లు కొన్ని వందలసార్లు చార్జి చేసిన తరువాత బలం కోల్పోతుంది. అప్పుడు సెల్లుతోపాటు చక్కగా ఉన్న డయోడు, అద్దం, గొట్టం అన్నీ చెత్తలోకి పోవలసిందే. 2022లో కేంద్రప్రభుత్వం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణకు నియమాలు చేసింది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను తయారీదార్ల మీద ఉంచింది. మంచిదే. కాని సెల్లు తీయడానికి వీలుగా ఉంటేనే కదా దాన్ని సరిగా వేరుచేయగలిగేది! తుపాను రోజుల్లో చార్జి చేసుకొనే దారి ఉండదు. నింపి ఉంచిన రెండో సెల్లు దగ్గరుంటే ఆ రాత్రి గడుస్తుంది. అయితే విడి సెల్లును నాణేలు, తాళపుచెవులు ఉన్న జేబులో వేయరాదు. రెండు కొనలూ లోహంతో కలిస్తే మంట పుట్టవచ్చు. దానికోసం చిన్న డబ్బీ వాడటం మంచిది.

దీనికి ఎదురుమాట లేకపోలేదు. "వెలుగు ఎక్కువుంటే నష్టమేమిటి? కావలసినప్పుడు వాడుకొంటాం, లేనప్పుడు తగ్గించుకొంటాం" అని కొందరంటారు. ఇందులో నిజముంది. వరదలో కొట్టుకుపోయే మనిషిని వెదికేటప్పుడు ఒక్క నిమిషపు గొప్ప వెలుగు ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు. ఆ ఒక్క నిమిషాన్ని నేను కాదనను. కాని మీట నొక్కగానే మొదట ఆ గొప్ప వెలుగే రావడం మంచిది కాదు. ఎదురుగా వచ్చేవాని కళ్లు జిగేలుమని కాసేపు ఏమీ కనిపించదు. సైకిలు మీద వచ్చేవాడైతే కాలువలో పడతాడు. తక్కువ వెలుగు ముందు, ఎక్కువ వెలుగు వెనుక ఉండాలి.

"సెల్‌ఫోనులో లైటు ఉంది కదా, వేరే టార్చి ఎందుకు?" అని మరికొందరు అడుగుతారు. ఫోను వెలుగు గదిలో తాళపుచెవి వెదకడానికి బాగానే ఉంటుంది. దాని వెలుగు నాలుగువైపులా చెదిరిపోతుంది, దూరం పోదు. పైగా ఆపద వేళ ఎవరినైనా పిలవడానికి దాచుకోవలసిన శక్తిని దీపానికి ఖర్చు చేసుకోవడం తెలివైన పని కాదు.

కాబట్టి కొత్త టార్చి వస్తున్నదన్నప్పుడు మనం ఎదురుచూద్దాం. ఎదురుచూస్తూ కొన్ని ప్రశ్నలు అడుగుదాం. పది నిమిషాల తరువాత దీని వెలుగు ఎంత? నూరు ల్యూమెన్ల దగ్గర ఎన్ని గంటలు నిలుస్తుంది? రంగులను సరిగా చూపుతుందా? వానలో తడిస్తే ఏమవుతుంది? సెల్లును మనమే మార్చుకోవచ్చా? వీటికి జవాబు చెప్పే తయారీదారుణ్ణి మెచ్చుకొందాం. పెద్ద అంకె ఒక్కటే చూపేవాణ్ణి మళ్లీ అడుగుదాం. కొనేవారు అడగనంతకాలం అమ్మేవారు చెప్పరు. మాటలు కోటలు దాటడం మనకు కొత్తకాదు. దీపం వెలుగు మాత్రం గడప దాటాలి, గట్టు దాటాలి, తిరిగి ఇంటికి చేరేదాకా ఆరకుండా ఉండాలి.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. వెలుగు సంగతీ అంతే.